బూబమ్మ నోటి ఛీ

మొన్నటి వానకు మా ఇంటి వెనకగోడ తడిసిపోయింది. మా ఆయన పటం ఉండేది ఆ గోడకే. తుడుద్దామని దించి చూస్తే అద్దం లోపలికి నీళ్ళు దిగి ఉన్నాయి. పటానికి వేసిన కాగితం దండ రంగు కారి, ఆయన తెల్లచొక్కా మీద గులాబీ చారలు పడ్డాయి. కామునిపున్నమికి రంగులాడి వచ్చిన మనిషిలా ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది. ఆయన కోసం ఏడ్చేది నాకు ఎప్పుడో అయిపోయింది. ఈ ఏడుపు ఆ దండ చేసిచ్చిన బూబమ్మది.

బూబమ్మ అంటే ఆమె పేరు కాదు. మా పక్క సాయిబుల ఇళ్ళలో పెద్ద వయసు ఆడమనిషిని ఎవరినైనా అలాగే పిలుస్తాం. సొంత పేరు నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఆదోనిలో కాగితప్పూల బూబమ్మ అంటే మసీదు వెనక సందులో చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్ళు.

ఇల్లంటే ఒకటే గది. తలుపు తీస్తే లోపలంతా పూలు. దూలాలకు గుమ్మం తోరణాలు, మేకులకు పెళ్ళిపందిరి గుత్తులు, ఒక మూల లారీల మొహాలకు కట్టే పెద్దపెద్ద చేమంతులు. అన్ని పూలున్నా గదిలో ఉండేది ఉడికిన మైదాపిండి వాసనే. బొద్దింకలు కొరక్కుండా ఆ పిండిలో మైలుతుత్తం కలిపేది. గులాబీ కాగితం పట్టీపట్టీ ఆమె వేళ్ళు ఎప్పుడు చూసినా గోరింటాకు పెట్టుకున్నట్టుండేవి. నమాజుకు ఎంత రుద్ది కడుక్కున్నా ఆ రంగు పోయేది కాదు.

నేను మొదటిసారి ఆ గడప ముందు నిలబడింది మా ఆయన పోయిన ఏడాదే. మాది ఎమ్మిగనూరు, ఆయనది మగ్గం పని. జ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. ఆదోనిలో పత్తిమిల్లులో పనిచేసే మా అన్న ఇంటికి వచ్చి పడ్డాను. పటానికి రోజూ పూలు పెట్టాలని ఉండేది. కానీ బొట్టు లేని మొహంతో పూలంగడి ముందు నిలబడితే పక్కన కొనుక్కునేవాళ్ళు కొంచెం జరిగి నిలబడేవాళ్ళు. ఎవరూ ఏమీ అనరు, జరుగుతారు, అంతే. అది పడలేక కాగితం దండ వేస్తే వాడదు కదా అనుకుని పోయాను.

"తెల్లపూల దండ కావల్ల బూబమ్మా, పటానికి" అన్నాను.

ఆమె తలెత్తకుండానే, "తెలుపు సెయ్యను" అంది.

"ఏమి, కాగితం లేదా?"

"కాయితం ఉండాది. సెయ్యను."

"పటానికమ్మా. మా ఇంటాయన పటానికి."

అప్పుడు చూసింది నన్ను, కాళ్ళ నుంచి పైదాకా. చూసి మళ్ళీ కత్తెర తీసుకుంది. "గులాబీది సేసిస్తా. పసుపుపచ్చది సేసిస్తా. తెలుపు కావల్లంటే కర్నూలుకు పో."

"పటానికి గులాబీ దండేంది? నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. నీ మొగుడు నవ్వేదుంటే నవ్వుతాడు, ఏం పాయె."

అంత మాట అన్నందుకు లేచి వచ్చేసుండాలి. రాలేదు. ఆయన పోయాక ఆయన నవ్వు గురించి మాట్లాడిన మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు. గడప మీదే కూర్చున్నాను. నా కళ్ళ ముందరే చేసిచ్చింది. కాగితం కొసలు రెండు బొటనవేళ్ళతో లాగితే అలలు పడినట్టు విచ్చుకునేది. కత్తెర వీపుతో ఒక్క దువ్వు దువ్వితే రెక్క ఒంపు తిరిగేది. ప్రతి పువ్వునూ కట్టేముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. కాగితంలో ఏం వాసన అని అడిగితే, "పిండి పులిసిందేమోనని సూస్తాండా. నువ్వేమనుకుంటివి?" అంది.

ఇంటికి తెచ్చి పటానికి వేశాను. మా వదిన చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏమ్మే, నీ మొగున్ని మళ్ళా పెండ్లికొడుకును సేసినావే! ఎవరిస్తారు పిల్లను?"

మా అన్న, "నోర్ముయ్యే" అన్నాడు కానీ ఆయన మీసం కింద కూడా నవ్వు కదిలింది. వదిన చెడ్డది కాదు, నోరు ఆగదు. నాకు కోపం రాలేదు. నిజంగానే పటంలో ఆయన పెళ్ళినాటి మనిషిలా ఉన్నాడు. ఇంక దించలేకపోయాను.

అన్నకు మిల్లు దగ్గరికి మధ్యాహ్నం అన్నం క్యారియరు నేనే తీసుకుపోయేదాన్ని. తిరిగొచ్చే దారిలో ఆ సందు. మొదట్లో ఊరికే నిలబడేదాన్ని, తర్వాత కూర్చునేదాన్ని, ఆ తర్వాత తీగెకు ఆకుపచ్చ కాగితం చుట్టే పని నా చేతికి వచ్చింది. ఇద్దరం మాట్లాడుకునేది తక్కువ. టీ కాచి సాసర్లో పోసి నా వైపు తోసేది, తను గ్లాసుతో తాగేది. ఇంటికి పోతే ఇంటి నిండా మనుషులు, నాతో మాత్రం 'నీళ్ళు పెట్టినావా, గింజలు విసిరినావా' అంతే. ఇక్కడ మాటలు లేకపోయినా మనిషి ఉంది.

ఆమె మాట తీరు నాకు తెలిసేదానికి చాన్నాళ్ళు పట్టింది. మొదటి పువ్వు చేసి చూపించాను, "బాగుందమ్మా, బాగుంది" అంది. నా మొహం వెలిగిపోయింది. మర్నాడు పోతే నా పువ్వు పొయ్యి ముందర చితుకుల్లో ఉంది. ఇంకో రోజు ఇంకోటి చేశాను. "బాగుంది." అదీ పొయ్యిలోకే. నేను ఏడుపు మొహం పెట్టుకుని ఒకరోజు మందారం చేశాను. తీసుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, వాసన చూసింది. "ఛీ! మేక కూడా మూతి తిప్పుకుంటాది" అని తీసుకుపోయి పెళ్ళివాళ్ళ గుత్తి నడుమ కట్టింది.

అప్పుడు తెలిసింది. బాగున్నదాన్ని బాగుందంటే దిష్టి తగులుతుందని ఆమె నమ్మకం. అందుకని మంచి పువ్వును తిట్టేది. ఎంత మంచిదైతే అంత తిట్టు. పనికిరానిదాన్ని మాత్రం నోరారా మెచ్చుకునేది, దిష్టి తగిలితే తగలనీ అని. దీనితో ఒకసారి ఒక పెళ్ళికొడుకు తండ్రి ఎంత రగడ చేశాడని! మోపెడు పూలు ఇస్తూ, "తీసుకపో, ఛీ, ఎవరు సూస్తారు వీటిని, పెంట మీద పారెయ్యి" అంది. ఆయన తలగుడ్డ తీసి కింద కొట్టాడు.

"బాగలేకుంటే నాకెందుకిస్తాండావమ్మే? నా కొడుకు పెండ్లి పెంట మీద సేస్తాన్నానా?"

"నా పూలకు నేను దిష్టి తీసుకుంటాండా. నీకేం నొప్పప్పా?"

నేను మధ్యలో పడి నచ్చజెప్పి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆయన పోయినాక ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ గదిలో అంత నవ్వు మళ్ళీ లేదు.

ఇంకొకటి చూసేదాన్ని. సందు చివర రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు హారను మోగితే ఆమె కత్తెర ఆగేది. కాసేపు ఆగి మళ్ళీ ఆడేది. ఏ బస్సైనా ఒకటే హారను కదా నాకు. ఆమెకు ఎలా తెలిసేదో ఏమో.

ఏడాదికోసారి మా ఆయన తిథికి నేను ఎమ్మిగనూరు పోయేదాన్ని. ఒకసారి వస్తూ మా మరిది మగ్గం కింద తెగిపడిన రంగు పోగులు కొంగులో కట్టుకొచ్చాను. పువ్వు నడుమ కేసరాలకు పనికొస్తాయని. ఆమె వాటిని అరచేతిలో పరుచుకుని చాలాసేపు చూసింది.

"ఎమ్మిగనూరులో యాడమ్మా మీ ఇల్లు?"

చెప్పాను.

"ఆడికి దగ్గరే సైకిళ్ళ రిపేరంగడి ఉంటాది. దాని ఎనక ఇల్లు. మా పాప ఉండాది ఆడ."

కూతురుందని నాకు అప్పుడే తెలిసింది. ఒక ఫోటో లేదు, ఒక పాత చీర లేదు ఆ గదిలో. ఎందుకు రాదు అని అడగలేదు నేను. ఆమే చెప్పింది, పోగులు రంగులవారీగా వేరుచేస్తూ, ఎవరిదో కథ చెబుతున్నట్టు.

"కాన్పుకొచ్చింది. నాకంటే బాగా సేసేది పూలు. కడుపుతో కూసోని, పుట్టే బిడ్డ తొట్టెలకు కట్టల్లని మల్లెపూల సరం సేసింది, తెల్ల కాయితంతో. నేనిన్నేండ్లు సేసినా అట్లాటిది నా సేతినుంచి రాలే. సూస్తాంటే నాకు భయమేసింది. నా కండ్లే తగుల్తాయని. ఛీ అనినా. ఛీ అని ఊరుకోవల్ల గదా? ఊరుకోలే. ఛీ, మయ్యత్ మీద కప్పే పూలట్లుండాయి అనినా."

మయ్యత్ అంటే శవం.

"బిడ్డ పుట్టింది. నిలువలే" అంది. "దానికి తెల్సు, నేను బాగున్నదాన్నే తిడతానని. పుట్టినకాడ్నుంచీ ఇంటాండాది నా తిట్లు. అయినా ఆ మాట… నోరు నాది, మాట యాడ్నుంచి వచ్చిందో. మొగునింటికి పోయింది, ఇంగ రాలే."

తెల్లకాగితం ఎందుకు ముట్టదో అడగాల్సిన పని లేకపోయింది.

మరుసటేడు తిథికి నేను పోతానని తెలిసి ఒక పువ్వు మొదలుపెట్టింది. ఎర్రతామర. చేసేది, విప్పేది, మళ్ళీ చేసేది. పెళ్ళిళ్ళ పని పక్కన పెట్టింది. బొంబాయిరవ్వకు పసుపు పట్టించి కేసరాల కొసలకు పుప్పొడిలా అద్దింది. బిస్కట్ల డబ్బాలో దూది పరిచి అందులో పెట్టి నా చేతికిచ్చింది.

"ఇయ్యి. నువ్వేం సెప్పొద్దు. అదేమంటాదో ఇని రా. దాని నోట్లోనుంచి ఏమొస్తే అది, అట్లే నాకు సెప్పల్ల. నా మొగం సూసి మార్చొద్దు."

సైకిలంగడి వెనక ఇల్లు దొరికింది. కూతురు వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. నా ఈడుదే. తల్లి ముక్కు, తల్లి చేతులు. వేళ్ళకు మాత్రం ఏ రంగూ లేదు. ఎక్కడినుంచి వచ్చానో చెప్పి డబ్బా ముందర పెట్టాను. రాట్నం ఆపలేదు. ఆ కండె నిండేదాకా చుట్టి, అప్పుడు మూత తీసింది.

పువ్వును తీసి కింద నుంచి చూసింది మొదట. తీగె ఎలా కట్టారో, ఆకు ఎక్కడ అంటించారో. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మైలుతుత్తం ఇంగా ఇంతింత ఏస్తాందా ఆమె?"

"బొద్దింకలు ఎక్కువ" అన్నాను.

"ఎప్పుడూ ఎక్కువే." నవ్వబోయి ఆపుకుంది. పువ్వును డబ్బాలో పెట్టింది. మూత పెట్టింది. నా మొహంలోకి చూసి అంది, "బాగుంది. బాగుందని సెప్పు ఆమెకు."

ఆ మాట విలువ నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"ఇంగేమన్నా సెప్పల్లనా అక్కా?"

"అంతే."

మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను. డబ్బా లోపలికి తీసుకుపోయిందో, వాకిట్లోనే వదిలేసిందో వెనక్కి తిరిగి చూడలేదు.

ఆదోనిలో బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆ సందుకే పోయాను. బూబమ్మ గడప మీద నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఏమనె?"

"బాగుంది అనింది."

"ఒగసారి అనిందా, రెండుసార్లా?"

"రెండుసార్లు."

లోపలికి పోయి కూర్చుంది. కాగితం తీసుకుంది. తనలో తను అన్నట్టు, "నా మాటతోనే కొట్టింది సూడు నన్ను" అంది. కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు. "నా బిడ్డే. ఇంగొకరికి వస్తాదా అట్ల కొట్టేది?"

అప్పటినుంచి ఏటేటా డబ్బా పోయింది. ఒక ఏడు చేమంతి, ఒక ఏడు సంపెంగ, ఒక ఏడు దానిమ్మపువ్వు. ఏటేటా అదే మాట మోసుకొచ్చాను. బాగుంది. మా వదిన అనేది, "ఆ యమ్మకు సెప్పరాదా, రాదు ఇంగ అని? ఉత్త డబ్బాలు మోసి మోసి సస్తాండావు." నేనెందుకు చెబుతాను? ఏడాదికోసారి ఒకరి మాట ఇంకొకరికి మోసేదే నేను ఈ లోకంలో చేసే పని అనిపించేది. నేను డబ్బా పంపేదానికి ఎవరున్నారు, నాకు ఎవరి మాట వస్తుంది?

బూబమ్మకు చూపు తగ్గింది. సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. ఆ ఏడు బంతిపువ్వు పంపింది. కూతురు దాన్ని తిప్పి చూసి, వెలుతురులోకి వచ్చి మళ్ళీ చూసింది.

"రెక్కలు వంకరపాయె. కండ్లు కనపస్తాండాయా ఆమెకు?"

"తక్కువ" అన్నాను.

"పచ్చకాయితం అంటించింది సూడు, ఎట్ల ముడతలు పడిందో. పసిబిడ్డ సేసినట్లుండాది." రాట్నం వైపు తిరిగింది. మళ్ళీ నా వైపు తిరిగింది. "దీపం ముందర పని సెయ్యొద్దని సెప్పు."

బాగుంది అనలేదు.

ఉన్నదున్నట్టు వచ్చి చెప్పాను. ముడతలు, వంకర, పసిబిడ్డ, అన్నీ. బూబమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "తప్పు పట్టిందా! ఎన్ని తప్పులు పట్టింది, మళ్ళా సెప్పు." మళ్ళీ చెప్పాను. "పసిబిడ్డ సేసినట్లుండాదనిందా? పసిబిడ్డ అనే మాట అనిందా, దాని నోటితో?" ఆ రోజు సందులో అందరికీ టీ పోసింది. పక్కింటామె నన్ను అడిగింది, "ఏమైంది ఈ ముసిల్దానికి, పండగ ముందే వచ్చిందా?" అని. "మా పాప నన్ను తిట్టింది" అని బూబమ్మే జవాబు చెప్పింది. అక్కడివాళ్ళకు ఏం అర్థమవుతుంది.

ఈసారి తనే పోతానంది. పీర్ల పండగ పని అయిపోనీ, ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కుదాం అంది. పల్లెల్లో పీర్ల చావిళ్ళకు కట్టే గుత్తులు చేతిలో ఉన్నాయి, అవి ఇచ్చేసి పోదాం అంది.

పీర్లు ఇంకా లేవలేదు, పండగ మొదలు కాలేదు. ఒక పొద్దున నేను పొయ్యి ముందర ఉంటే పక్కింటామె వచ్చి చెప్పింది. తెల్లవారేసరికి ఊపిరి లేదట.

నేను పరిగెత్తింది మొదట బస్టాండుకు. ఎమ్మిగనూరు బస్సు కండక్టరుకు సైకిలంగడి గుర్తు చెప్పి కబురు పంపాను. తర్వాత సందుకు పోయాను. గదిలో ఆడవాళ్ళు స్నానం చేయిస్తున్నారు. నేను ఆ కులం కాదు, ఆ వరస కాదు, ఏమీ కాదు. బయట గోడ దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం నమాజు వేళకు తీసుకుపోయారు. ఇంకాసేపు చూడండి, కూతురొస్తుంది అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎవరని చెప్పను నేను?

కూతురు వచ్చేసరికి మగవాళ్ళు మట్టి వేసి చేతులు కడుక్కుంటున్నారు. సందంతా ఆమెనే చూసింది. పక్కింటామె ఆగలేదు. "ఇప్పుడొస్తివా? ఇన్నేండ్లకు ఇప్పుడొస్తివా నాయమ్మా? ఉన్నన్నాళ్ళు నీకు తల్లి లేదు, పోయినాక వస్తివి ఏమి తీసకపోయేదానికి?" కూతురు ఏడవలేదు. గదిలోకి పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను గడప మీద కూర్చున్నాను. లోపల తడినేల, బయట ఆడవాళ్ళ గుసగుసలు.

అంతలో గోనెగండ్ల పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పీర్ల గుత్తులు చెప్పిపోయిన మనిషి, ప్రతి ఏడూ వచ్చేవాడే. చెప్పులు విడిచి, "బూబమ్మా, అయినాయా మావి?" అంటూ వంగి లోపలికి చూశాడు. తడినేల చూశాడు. నన్ను చూశాడు. నేను తల ఊపాను.

ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎంత పనైపాయె. మా పల్లె పీర్లకు వేరే వాళ్ళ పూలు ఎప్పుడూ కట్టలేదమ్మా" అన్నాడు. అప్పుడు గోడవార కూర్చున్న కూతురు కనబడింది ఆయనకు. "ఈయమ్మ ఎవరు? ఏమైతావమ్మా నువ్వు ఆమెకు?"

బయట గుసగుసలు ఆగిపోయాయి. పక్కింటామె గడప దాకా వచ్చింది. నేను ఎమ్మిగనూరులో ఇన్నేళ్ళూ ఆమె వాకిట్లో విన్నది తల్లిని గురించి 'ఆమె' అనే మాట ఒక్కటే. నాకు భయమేసింది, ఏమంటుందోనని.

కూతురు లేచి దూలానికి సగం కట్టి వదిలేసిన గుత్తి కిందికి తీసింది. ఒళ్ళో పెట్టుకుని చిక్కుపడిన తీగె విప్పుతూ అంది, "మాయమ్మ."

మళ్ళీ అంది. "మాయమ్మప్పా ఆమె. కూసో. మిగిలిండేటివి నేను కట్టిస్తా."

సందులో అందరూ విన్నారు. ఏటేటా ఒక్క మాట కోసం నన్ను పంపి గడప మీద నిలబడినామె వినలేదు. ఈ మాట మోసుకుపోయి చెప్పేదానికి నాకు దోవ లేదు.